అవ్వ మోకాలికి కొలత

అవ్వ హైదరాబాదులో మోకాలు మార్పించుకుని మా ఇంటికి వచ్చిన రోజు, బాన్సువాడలో మా గల్లీ ఆడవాళ్లంతా మా ముందరి అర్రలోనే ఉన్నారు. ఎనభైలు సగం దాటిన రోజులవి. కంటి ఆపరేషన్ గురించి అందరికీ తెలుసు. పళ్లు పీకి కట్టుడు పళ్లు పెట్టడమూ తెలుసు. కానీ మోకాలు తీసేసి వేరే మోకాలు పెడతారన్న మాట మా వైపు ఎవరూ వినలేదు. అందుకని పలకరించడానికి వచ్చినవాళ్ల చూపు అవ్వ ముఖం మీద కాకుండా చీర కుచ్చిళ్ల మీదే ఉంది.

"ఇనుపదేనా అక్కా?" అని అడిగింది పక్కింటామె.

"ఇనుము గాదే, స్టీలు. మా బిడ్డ ఇంట్ల గిన్నెల లెక్క."

"మరి వానల తడిస్తె తుప్పు వట్టదా?"

"తుప్పు వడితె నూనె పోసుకుంటగని, నువ్వయితె ఫికర్ చెయ్యకు."

వర్ని వైపు నుంచి ఎరువుల కోసం మా నాయిన దుకాణానికి వచ్చే ఆంధ్రా కుటుంబంలోని ఒకావిడ కూడా ఆ రోజు వచ్చింది. ఆమె భయం వేరే. "పెద్దమ్మగారూ, ఉరుములూ మెరుపులూ వచ్చేటప్పుడు మాత్రం బయటికి రాకండేం. ఇనప వస్తువుల మీదే పిడుగు పడుద్దంటారు."

"పిడుగా? నా దాక వస్తదా! నా నోరు జూసి ఆడికెల్లి ఆడికే మర్లిపోతది" అంది అవ్వ. అందరూ నవ్వారు. నేను వంటింటి తలుపు వెనక నిలబడి నవ్వాను. నేను ఎప్పుడూ నవ్వే చోటు అదే.

అవ్వ అంటే మా అమ్మ తల్లి. కోటగిరికి దగ్గరి ఒక ఊళ్లో, నిజాంసాగర్ కాలువ కింద వరి పండించే మనిషి. తాత పోయిన తర్వాత సేద్యమంతా తనే చూసుకుంది. నా చిన్నప్పుడు సెలవులకు వెళితే, తెల్లారేసరికే పొలం ఒడ్ల మీద నడుస్తూ ఉండేది. నేను వెనక పరుగెత్తి అందుకునేలోపల ఇంకో మడి దాటేసేది. తర్వాత తర్వాత ఆ నడక ఆగిపోయింది. మోకాళ్లు వాచి, గుమ్మం దాటాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది. నాట్లప్పుడు ఒడ్డు మీద మంచం వేసుకుని కూచుని కేకలు వేసేది. కుడి మోకాలు మరీ పాడైపోయింది. దాన్ని మార్చవచ్చునని హైదరాబాదు డాక్టరు చెప్పినప్పుడు అందరికంటే ముందు ఒప్పుకున్నది అవ్వే. యాసంగి కోతలు అయిపోయాక, ఎండాకాలంలో ఆపరేషన్ అయింది. అమ్మ ఆమెకు ఒక్కతే కూతురు. కాబట్టి కోలుకునేదాకా మా ఇంట్లోనే ఉండాలని తేల్చారు.

అప్పటికి నేను ఇంటర్ పాసై ఇంట్లోనే ఉన్నాను. డిగ్రీకి నిజామాబాదు పంపాలా వద్దా అన్నది నాయిన ఇంకా ఆలోచిస్తున్నాడు. నేను అడగలేదు. అసలు నేను ఎవరినీ ఏమీ అడిగేదాన్ని కాదు. ఇంటికి ఎవరైనా వస్తే మంచినీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లిపోయేదాన్ని. లైబ్రరీ పుస్తకాలు బియ్యం గుమ్మి వెనక కూచుని చదువుకునేదాన్ని. చదివినవీ చూసినవీ ఒక డైరీలో రాసుకునేదాన్ని. నేను రాస్తానని అమ్మకు తెలుసు. అందుకే ఆస్పత్రిలో వ్యాయామాలు చేయించే అక్క "ఇంటి దగ్గర కొలతలు ఎవరు తీస్తారు?" అని అడగ్గానే, నా భుజం పట్టుకుని ముందుకు తోసింది.

గడులు గీసిన కాగితం ఒకటి ఇచ్చి, ఏమేం కొలవాలో ఆ అక్క ఓపికగా చెప్పింది. మోకాలు ఎంతదాకా వంగుతోంది, పూర్తిగా చాచగలుగుతోందా, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలుగుతోందా, ఆగకుండా ఎంత దూరం నడుస్తోంది, మెట్టు ఎక్కగలుగుతోందా. "మందులు మేం చూసుకుంటాం. కానీ కాలు పనిచేస్తోందా లేదా అన్నది మాకు ఈ కొలతలే చెప్తాయి" అంది. కాలి వంపు కొలవడానికి ఆమె దగ్గర రెండు పొడుగాటి చేతులున్న లోహపు పరికరం ఉంది. అది చూసి నేను, "మా ఇంట్లో కంపాస్ పెట్టెలో కోణమానిని ఉంది" అన్నాను. ఆమె నవ్వి, "అది చాలు" అంది.

ఇంటికి వచ్చాక ఆ కోణమానినికి పొరకలోంచి తీసిన రెండు పొడుగాటి పుల్లలు దారంతో కట్టాను. ఒక పుల్ల తొడ వెంబడి, ఇంకొకటి పిక్క వెంబడి. పుల్ల ప్రతిసారీ ఒకే చోట ఆనాలి కాబట్టి తుంటి పక్కన, మోకాలి పక్కన, చీలమండ ఎముక మీద కాటుకతో చుక్కలు పెట్టాను.

"గిదేందే, మోకాలికి దిష్టిచుక్క?" అంది అవ్వ.

"కొలత కోసం అవ్వా."

"పెట్టు పెట్టు. వచ్చినోళ్ల కండ్లన్నీ గా కాలు మీదనే ఉన్నయి."

ఆస్పత్రి లెక్కలో చాచిన కాలు సున్నా. గోడా నేలా కలిసినట్టు వంగితే తొంభై. తొంభై వంగితే మనిషి కుర్చీలో కూచోవచ్చు, లేవవచ్చు, మెట్లెక్కవచ్చు, బస్సెక్కవచ్చు. నేను పుల్లలు ఆనించి వంగి చూస్తుంటే అవ్వ మెడ సాచి, "ఎంత?" అనేది. చెప్తే, "నిన్నటికన్న ఎక్కువనా తక్కువనా?" అనేది. ఎక్కువ అంటే పక్కింటికి వినపడేటట్టు చెప్పేది. తక్కువ అంటే నా పుల్లలు వంకరవని తిట్టేది. నాకు ఆ పని నచ్చింది. ఒక మనిషి వైపు అంతసేపు చూస్తూ కూచున్నా ఎందుకు చూస్తున్నావని అడగని పని అది.

నడక కూడా మొదట బాగానే సాగింది. చేతిలో నాలుగు కాళ్ల స్టాండు పట్టుకుని పక్కింటి దర్వాజ దాకా వెళ్లింది. వారానికల్లా కిరాణా కొట్టు దాకా వెళ్లగలిగింది. పిండి గిర్ని దాకా వెళ్లాలని ఆమె పట్టుదల. ఎందుకంటే గిర్ని దగ్గర ఎప్పుడూ నలుగురు ఆడవాళ్లు ఉంటారు.

చిక్కంతా కుర్చీ దగ్గర వచ్చింది. అవ్వ జన్మలో కుర్చీలో కూచున్న మనిషి కాదు. పీట, గడప, ఒడ్డు, మంచం పట్టె, ఇవే ఆమెకు తెలుసు. కింద కూచోవద్దని, గొంతుక్కూచోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా ఇంట్లో ఎత్తుగా, చేతులు ఉన్న కుర్చీ ఒక్కటే ఉంది. అది నాయినది. పైగా లోపలి అర్ర తలుపులోంచి ఆమె స్టాండు పట్టదు కాబట్టి మంచమూ కుర్చీ రెండూ ముందరి అర్రలోనే వేశాం. అంటే నాయిన ఇంట్లోకి రాగానే మొదట కనపడేది, తన కుర్చీలో కూచున్న తన అత్త.

మా వైపు అల్లుడి ముందు అత్త కూచోదు. ఎదురుగా మాట్లాడదు. నెత్తి మీద కొంగు కప్పుకుని తలుపు పక్కకు జరిగి, చెప్పవలసింది కూతురికో మనవరాలికో చెబుతుంది. అవ్వా నాయినా ఇరవై ఏళ్లుగా అట్లాగే మాట్లాడుకుంటున్నారు, మధ్యలో అమ్మ. ఒకరి మీద ఒకరికి ఎంత మర్యాదంటే, ఒకరి ముఖం ఒకరు సరిగా చూసి ఉండరు.

మొదటి రోజు మధ్యాహ్నం నాయిన అన్నానికి వచ్చాడు. బయట చెప్పుల చప్పుడు వినపడగానే అవ్వ గాభరా పడిపోయింది. కుర్చీ చేతుల మీద రెండు చేతులూ మోపి లేవబోయింది. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, కూసో! పడ్తవ్!"

"అల్లుడొచ్చిండే! జరుగు!"

"డాక్టరు ఏం జెప్పిండు? కూసోమంటున్న గద!"

గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నాయిన ఆగిపోయాడు. తర్వాత మెల్లగా బయటి కాలి వైపే తిరిగి వెళ్లిపోయాడు. ఆ పూట బస్టాండు దగ్గర హోటల్లో తిన్నాడు. మర్నాటి నుంచి అదే అలవాటైంది. పొద్దున దొడ్డి దర్వాజలోంచి వెళ్లి, చీకటి పడ్డాక అదే దర్వాజలోంచి వచ్చేవాడు. డబ్బా పంపుతానని అమ్మ అంటే, ఎరువుల వాసనలో అన్నం సహించదన్నాడు.

"ఇరవై ఏండ్లు నా వంట తిని, గిప్పుడు హోటల్ పప్పుచారు రుచయింది" అని అమ్మ మూతి ముడుచుకుంది. కానీ లోపల అందరికీ తృప్తిగానే ఉంది. పెద్దామెకు తిప్పలు తప్పాయి. "మా అల్లుడు బంగారం. నా కాలు కోసం ఇంటి తొవ్వనే మార్చుకున్నడు" అని వచ్చినవాళ్లకు అవ్వ చెప్పుకునేది. కుర్చీలో కాలు బార చాచుకుని, కింద దిండు పెట్టించుకుని, హాయిగా కూచునేది. ఆమె హాయిగా ఉందని మేమూ సంతోషపడ్డాం.

మోకాలు మాత్రం ఒకచోట ఆగిపోయింది. డెబ్బై దాటి నాలుగు గీతలు పోయాక నా పుల్ల ఇక కదలలేదు. రోజూ అదే గీత. లేవమంటే అవ్వ కాలు ముందుకు చాచి, రెండు చేతులతో కుర్చీని నొక్కి, "రామా, రామా" అంటూ చేతుల బలం మీదే లేచేది. కాలికి పనే ఉండేది కాదు.

వానలు మొదలైన కొత్తలో మళ్లీ హైదరాబాదు వెళ్లాం. డాక్టరు కాలు వంచి చూశాడు. తన పరికరంతో కొలిచాడు. ముఖంలో నవ్వు తగ్గింది.

"అమ్మా, గాయం బాగా మానింది. కానీ వంగడం లేదు. ఇంకో నెలలో తొంభై రావాలి. రాకపోతే మళ్లీ లోపలికి తీసుకెళ్లాల్సి వస్తుంది."

"మల్ల కోస్తవా అయ్యా?"

"కొయ్యను. మత్తు ఇచ్చి వంచుతాను."

"వంచుడంటే... ఎండుకట్టె వంచినట్టా?"

డాక్టరు ఆమె భుజం తట్టాడు. వచ్చేటప్పుడు బస్సులో చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది. మెదక్ దాటాక అమ్మ నిద్రపోతే, నా చెయ్యి పట్టుకుని చిన్నగా చెప్పింది.

"బిడ్డా, మత్తులున్నప్పుడు మీ తాత అగుపడ్డడే. కాలువ గట్టు మీద కూసున్నడు. నీళ్లు ఇడిసిండ్రు, వస్తవా అన్నడు. విత్తనం ఇంక నానవెయ్యలే, తర్వాత వస్తనన్న."

"కల అవ్వా."

"కలనో, ఏందో. ఒకపారి అంటే తప్పించుకున్న. ఇంకోపారి పిలిస్తె కాదనలేనే. మంచిగ పిలుస్తడు మీ తాత."

ఆ మాట ఆమె నవ్వుతూనే అంది. చెయ్యి మాత్రం చల్లగా ఉంది. కోత కోయించుకోవడానికి భయపడని మనిషి మత్తుకు భయపడుతోందని నాకు అప్పుడే తెలిసింది. ఆ నెలలో ఆ తొంభై రాకపోతే ఏమవుతుందో తలచుకుంటే నాకూ భయం వేసింది.

ఇంటికి వచ్చాక అందరం ఆ మోకాలి మీద పడ్డాం. అమ్మ వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టేది. నేను మడమ పట్టుకుని వెనక్కు తోసేదాన్ని. అవ్వ అరిచేది. ఒకసారి విసనకర్రతో నా నెత్తి మీద ఒక్కటి వేసి, తర్వాత తనే రుద్దింది. ఇంత చేసినా వారం తిరిగేసరికి పుల్ల ఒక గీత కదిలి, మర్నాడు మళ్లీ వెనక్కి వచ్చింది. తోస్తున్నకొద్దీ ఆమె కాలు బిగబట్టేది. ఇంకొకరు వంచుతుంటే మనిషి లోపల నుంచి అడ్డం పడుతుంది కాబోలు.

అట్లా ఉండగా ఒక మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. మా దొడ్డి వైపు సందు ఎప్పుడూ పల్లమే. ఆ రోజు మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. గోదాము తాళంచెవి మరిచిపోయిన నాయిన ఇంకో దారి లేక, తడిసి ముద్దయి ముందరి గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. వాన హోరులో చెప్పుల చప్పుడు ఎవరికీ వినపడలేదు. నేను కింద కూచుని, పుల్లలు పట్టుకుని, అవ్వ కాలు వైపే చూస్తున్నాను. అందుకే జరిగింది పూర్తిగా చూశాను.

చాచి ఉన్న ఆ కాలు సర్రుమని కుర్చీ కిందికి వెళ్లింది. మడమ కుర్చీ కోడు దాకా పోయింది. అవ్వ లేచి నిలబడింది. చేతులు కుర్చీ మీద లేవు. రెండు చేతులూ కొంగు పట్టుకుని నెత్తి మీదికి లాక్కుంటున్నాయి.

నాయిన తాళంచెవి తీసుకుని, తల వంచుకుని వెళ్లిపోయాడు. అవ్వ నిలబడే ఉంది.

"అవ్వా, ఎట్ల లేచినవు?"

"ఎట్లనేందే, అల్లుడొస్తె లేవనా?"

"చేతులు ఆనించలేదు!"

"చేతులు ఖాళీ ఏడున్నయి? కొంగెవరు కప్పుతరు, నువ్వా?"

కూచోబెట్టి మళ్లీ లేవమంటే, కాలు చాచి, చేతులు మోపి, "రామా, రామా" అంది. అప్పుడు నాకు అర్థమైంది. చేతులు ఆనించకుండా లేవాలంటే పాదం వెనక్కి రావాలి. పాదం వెనక్కి వస్తే మోకాలు వంగక తప్పదు. మేము నెల రోజులుగా ఆమెను ఏ పని నుంచి తప్పించామని సంతోషపడుతున్నామో, ఆ కాలికి కావలసింది సరిగ్గా ఆ పనే. నాయిన మర్యాదకు ఇంటి దారి మార్చుకున్నాడు, ఆ మర్యాదలోనే మోకాలు బిగుసుకుపోయింది.

ఈ సంగతి నాయినకు చెప్పాలి. అమ్మకు చెప్తే, "గదేం మాట, నవ్వుతరు" అంది. ఇక నేనే చెప్పాలి. నాయినతో నేను రోజంతటిలో మాట్లాడే మాటలు చాలా తక్కువ. ఇంట్లో అవ్వకు వినపడుతుంది. అందుకని మర్నాడు గొడుగు వేసుకుని దుకాణానికి వెళ్లాను. నాట్ల కాలం. దుకాణం నిండా రైతులు. యూరియా బస్తాల మీద కూడా మనుషులు కూచుని ఉన్నారు. గుమ్మంలో నన్ను చూడగానే నాయిన త్రాసు వదిలేసి వచ్చాడు.

"ఏమైంది బిడ్డా? అత్తమ్మ పడ్డదా?"

"పడలేదు నాయినా. లేచింది."

"లేస్తె మంచిదే గద?"

"నువ్వొస్తెనే లేస్తుంది. నువ్వు రావాలె."

నాయినకు అర్థం కాలేదు. పాదం వెనక్కి రావడం, తొంభై, మత్తు, అన్నీ ఒకదాని మీద ఒకటి చెప్పేశాను. జీవితంలో అంతమంది మగవాళ్ల ముందు అంత పొడుగు మాట్లాడలేదు. బస్తా మీద కూచున్న, పెద్ద కొడప్‌గల్ ఊరి నుంచి వచ్చిన రైతు ఒకాయన అంతా విని, "నీది అదృష్టం సేటు. మా అత్త నేను వొయ్యి దండం బెట్టినా లేవది" అన్నాడు. అందరూ నవ్వారు. నా ముఖం కాలిపోయింది. కానీ అక్కడి నుంచి కదల్లేదు.

"పెద్దమనిషి. కాలు నొయ్యంగ పనిగట్టుకొని లేపుడు పాపం గాదా బిడ్డా?" అన్నాడు నాయిన.

"మత్తిచ్చి వంచితే?"

ఆయన చేతికంటిన యూరియా దులుపుకున్నాడు. తర్వాత, "ఎన్నిసార్లు రావాలె?" అన్నాడు.

"వీలైనన్ని సార్లు."

అబద్ధం చెప్పడం మా నాయినకు చేతకాదు. ఆ సాయంత్రం ముందరి గుమ్మంలోకి వచ్చి దగ్గి, "బిడ్డా, నా గొడుగు మర్చిపోయిన" అన్నాడు. గొడుగు ఆయన చేతిలోనే ఉంది. అవ్వ అప్పటికే లేచి, కొంగు కప్పుకుని నిలబడింది. కొంగు కింద నుంచి ఆ గొడుగును చూసే ఉంటుంది. మర్నాడు అద్దాల కోసం వచ్చాడు. అద్దాలు కళ్లకు ఉన్నాయి. మధ్యాహ్నం అన్నానికి వచ్చాడు, తిన్నాక వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ వచ్చాడు. నాట్ల కాలంలో దుకాణం వదిలి అట్లా తిరుగుతుంటే బస్టాండు దగ్గర ఏమనుకున్నారో తెలియదు. ఆ పెద్ద కొడప్‌గల్ ఆయన చెప్పి ఉంటాడు కాబట్టి అందరికీ తెలిసే ఉంటుంది.

"అల్లునికి యాదిమరుపు ఎక్కువైందే. గీ వయసులనే గిట్లయితె ఎట్ల? ఎవలకన్న చూపియ్యరాదు" అంది అవ్వ ఒకరోజు అమ్మతో. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్లింది.

కాటుక చుక్కల మధ్య నా పుల్ల మళ్లీ కదలడం మొదలుపెట్టింది. గబగబా కాదు. రోజుకు ఒక గీత. ఒక్కోసారి అదీ ఉండేది కాదు. కానీ వచ్చిన గీత వెనక్కి పోవడం మానేసింది. ఆ వంపు ఆమె సొంతంగా సంపాదించింది, నేను తోస్తే వచ్చింది కాదు. నడక కూడా మారింది. స్టాండు పోయి చేతికర్ర వచ్చింది. ఒక సాయంత్రం వాన తెరపి ఇస్తే నన్ను వెంటబెట్టుకుని పిండి గిర్ని దాకా వెళ్లింది. అక్కడ జొన్నలు పట్టించుకుంటున్న ఆడవాళ్ల ముందు కాలు ఆడించి చూపించింది. గిర్ని చప్పుడులో ఆమె మాటలు ఎవరికీ వినపడలేదు. అయినా చివరిదాకా చెప్పింది.

తిరిగి వస్తూ దారిలో ఆగి, కర్ర మీద ఆనుకుని నా ముఖంలోకి చూసింది.

"ఏమే పోరీ, మీ నాయినను నువ్వే పంపుతున్నవా?"

నాకు అబద్ధం నోటికి రాలేదు. అవునన్నాను. ఎందుకో చెప్పాను. పెద్దామెను ఆడించినట్టయిందని కోపం వస్తుందేమో అనుకున్నాను. ఆమె బురదలో కర్ర మొనతో ఒక గీత గీసింది.

"మరి పొద్దుగాల గూడ ఒకపారి రమ్మను" అంది. "పొద్దుగాల లేవంగనే కాలు జర బిగుసుకపోతది. నాకెర్కయిందని మాత్రం చెప్పకు. పాపం, సిగ్గుపడ్తడు."

ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్యా అది చాలా పద్ధతిగా నడిచింది. ఆయన పొద్దున్నే వచ్చి దేని కోసమో వెతికేవాడు. ఆమె లేచి తలుపు పక్కన నిలబడి, "నాయిన ఏం వెతుకుతుండో చూడు బిడ్డా" అని నాతో అనేది. ఇద్దరి మధ్యలో నేను ఏమీ తెలియనట్టు అర్రంతా వెతికేదాన్ని. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ అన్నిసార్లు ఒక గదిలో ఉన్నది ఆ రోజుల్లోనే.

హైదరాబాదు వెళ్లే నాటికి నా కొలత తొంభైకి అటూ ఇటూ ఊగుతోంది. పుల్ల మందం ఎంతో గీతల మధ్య ఎడం అంతే. అందుకని నమ్మకం లేదు. అమ్మా నేనూ అవ్వతో లోపలికి వెళ్లాం, నాయిన తలుపు బయట నిలబడ్డాడు. బల్ల మీద పడుకున్న అవ్వ పైకప్పు వైపు చూస్తూ ఉంది. పెదవులు కదులుతున్నాయి. డాక్టరు కాలు వంచి, లోహపు పరికరం ఆనించాడు. ఒకసారి చూసి, సరిచేసి మళ్లీ చూశాడు.

"తొంభై దాటింది" అన్నాడు. నా పుల్లల లెక్కకన్నా ఆయన లెక్క కొంచెం ఎక్కువే వచ్చింది.

"మత్తు లేనట్టేనా?" అంది అవ్వ.

"ముందు కుర్చీలోంచి లేవండి చూద్దాం. చేతులు పెట్టకుండా."

కొత్త చోటు. కొత్త కుర్చీ. పాత అలవాటు ఒకటే గుర్తొచ్చినట్టుంది, ఆమె చేతులు కుర్చీ మీదికి వెళ్లాయి. నేను వెనక నుంచి, "అవ్వా, కొంగు" అన్నాను. ఆమె రెండు చేతులతో కొంగు పట్టుకుంది. పాదం వెనక్కి జరిగింది. లేచి నిలబడింది.

డాక్టరు నా వైపు తిరిగాడు. "కొంగు ఏమిటి?"

అమ్మ చెప్పింది, సిగ్గుపడుతూ, మధ్యమధ్య నవ్వాపుకుంటూ. గొడుగు దగ్గరికి వచ్చేసరికి డాక్టరు పరికరం బల్ల మీద పెట్టేసి నవ్వాడు. పక్కనున్న వ్యాయామాల అక్కతో, "మన కాగితంలో అల్లుడికి గడి లేదు కదమ్మా" అన్నాడు. తలుపు బయట నాయిన దగ్గు వినిపించింది. అవ్వ కొంగు ఇంకొంచెం ముందుకు లాక్కుంది.

"ఇక మత్తు లేదమ్మా. వంచే పని లేదు. ఇంటికి వెళ్లండి. పొలం ఒడ్డు మీద నడవవచ్చు, కర్ర మాత్రం వదలకండి."

నేను ఆమె చెప్పులు తొడగడానికి వంగాను. ఆమె కదల్లేదు. కుర్చీలో మళ్లీ కూచుని, ఎడమ మోకాలి మీది చీర సర్ది, దాని మీద చెయ్యి వేసింది.

"అయ్యా, ఒక మాట. కొత్త ఎద్దు పక్కన ముసలెద్దును కడితె నాగలి సక్కగ పోతదా?"

డాక్టరుకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అమ్మకు వెంటనే అర్థమైంది. "అమ్మా! మత్తంటే వణికి సస్తివి గద మొన్నటిదాక!"

"వణుకుత. గిప్పుడు గూడ వణుకుతున్న. అయినా ఒకటే మంచిగున్నంక రెండోది ఇంక ఎక్కువ నొస్తుందే. నువ్వు చెప్పు అయ్యా, చేస్తవా?"

"చేస్తాను. కానీ ముందు ఈ కాలు గట్టిపడాలి. తొందర లేదు."

"నాకూ తొందర లేదు. నాట్లు నడుస్తున్నయి, తర్వాత కలుపు. కోతలైనంక వస్త." ఆమె నా వైపు తిరిగింది. "బిడ్డా, గీ ఎడమ కాలు గూడ ఇప్పుడే కొల్వు. ఏడికెల్లి మొదలువెట్టినమో తెల్వాలె గద."

డాక్టరు బల్ల మీది లోహపు పరికరం తీసి నాకు అందించాడు. అది నా కోణమానినికన్నా బరువుగా ఉంది. నేను కింద కూచుని ఎడమ తుంటి పక్కన చోటు వెతుకుతుంటే, కాటుక లేదే అని అమ్మ సంచీ అంతా తిరగేస్తోంది.